అవ్వ చెరిపెయ్యమన్న మాట

భాష నేర్చుకునే కంప్యూటర్ మోడళ్లు పుస్తకాల తెలుగు గడగడా అప్పజెబుతాయి. పుదుచ్చేరిలో తరతరాలుగా ఇళ్లలో మాత్రమే మాట్లాడుకునే తెలుగు వినిపిస్తే మాత్రం నీళ్లు నములుతాయి. నా పరిశోధన ఆ తెలుగు మీదే. యానాం నుంచి చదువుకోడానికొచ్చిన నేను, ఆ మాటల కోసమే మూలకుళంలో అమ్మాయమ్మ అవ్వ గడప తొక్కాను.

అవ్వ భర్త మిల్లులో పనిచేసి, రిటైరై, పోయాడు. కొడుకు ముత్తుది సేదరపేట్‌లో ఫ్యాక్టరీ పని. అతను ప్రేమించి చేసుకున్న కయల్విళి తమిళమ్మాయి కాబట్టి ఇంట్లో అందరిదీ తమిళమే. భర్త పోయాక అవ్వకు తెలుగులో పోట్లాడ్డానికి కూడా మనిషి లేకుండా పోయాడు. అలాంటామె ముందు ఫోనులో రికార్డర్ పెట్టి మాట్లాడమంటే ఊరుకుంటుందా? మిల్లు సైరన్ దగ్గర మొదలుపెట్టి కోడలి దగ్గర తేలింది. నా కాఫీ చల్లారిపోయింది.

మా పరిశోధనలో ఓ పద్ధతి ఉంది. రికార్డు చేసిందంతా ఆ మాటలు చెప్పినవాళ్లకు మళ్లీ వినిపించాలి. వద్దన్న ముక్కను వాళ్ల ఎదురుగానే చెరిపెయ్యాలి, కారణం అడక్కూడదు. మోడల్ ఒకసారి నేర్చుకున్నాక వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. అవ్వకు తెలుగు చదవడం రాదు కనుక ఇదంతా నోటితోనే చెప్పి ఒప్పించాను.

తర్వాతి వారం వెళ్లి ఇయర్‌ఫోన్లు పెట్టబోతే అవ్వ పీకి పారేసింది.

"చెవిలో పురుగు దూరినట్టుండాది. పెద్దగానే పెట్టు పాపా."

"వంటింట్లో కయల్విళి అక్క ఉంది అవ్వా."

"ఉంటే ఏంది? దానికి తెలుగు రాదులే. ఇన్నేళ్లలో ఒక్క మాట మాట్లాడిందా యాడన్నా?"

పెట్టాను. "సాంబార్లో బెల్లం వెయ్యదు ఆ పిల్ల," అంది ఫోనులోని అవ్వ.

"ఉంచాలా అవ్వా?"

"ఉంచు. నిజమే కదా."

చీర మడత పెట్టడం రాదన్న మాట కూడా ఉంచమంది. తిట్లన్నీ దర్జాగా పాసైపోయాయి. ఆ తర్వాత ఫోనులో గొంతు తగ్గింది.

"తుంటి ఎముక ఇరిగి నేను పడుంటే, నా కూతురు పండ్లు తెచ్చి చూసిపోయింది. పక్కలోనే అన్నీ అయితే కడిగి, నీళ్లు పోసి, తల దువ్వింది ఈ కయలే. ఒక్కనాడూ మొహం చిట్లించలా. మా అమ్మ కూడా నన్నట్ల చూసుకోలా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"అది తీసెయ్ పాపా," అంది అవ్వ కంగారుగా.

"తిట్లు ఉంచి, ఇది తీసెయ్యాలా?"

"ఆ, అదే. రేపు ఎవురన్నా ఇని దానికి చెప్తే? పొగిడితే కోడళ్లు నెత్తికెక్కుతారు."

నా ప్రాణం ఉసూరుమంది. నా దగ్గరున్న రికార్డింగుల్లో అంత నిండైన తెలుగు మరొకటి లేదు. కానీ మాట అవ్వది, నాది కాదు. ఆమె చూస్తుండగానే చెరిపేశాను, కాపీతో సహా.

కయల్విళి గరిటెతోనే బయటికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"తీసేసినారు కదా అత్తా," అంది, అచ్చం అవ్వ యాసలో. "ఇంకొకతూరి చెప్పండి. నా మొహం చూసి."

అవ్వ నోరు తెరిచింది. "నీకు తెలుగు వస్తాదా? మరి ఇన్నాళ్లూ మాట్లాడలేదేమే?"

"తెలుసంటే మీరు మనసారా తిట్టుకోలేరు కదా. మామ పోయినాక, తిట్టుకునేదానికన్నా మీకు తెలుగు ఉండొద్దా అత్తా?"

అవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది. నావైపు తిరిగి, "ఆ ఫోను ఆపినావా?" అంది.

"ఆపేశాను అవ్వా."

అప్పుడు చెప్పింది. చెరిపేసినదానికంటే ఎక్కువే చెప్పింది. ఆ మాటలు ఏ మోడలూ ఎప్పటికీ నేర్చుకోదు. అవి వినేటప్పుడు నన్ను లేచి పొమ్మననందుకు ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ పూట వాళ్లింట్లోనే భోంచేశాను. సాంబార్లో బెల్లం లేదు. అవ్వ మారు అడిగి వేయించుకుంది.