పని రాక్షసి

రాగిణికి ఉద్యోగం ఇప్పించింది ఆ సోషల్ మీడియా యాప్పే. కాదంటే కళ్ళు పోతాయి. పాత కంపెనీ లేఆఫ్ చేసి, వీసా గడువు మెడ మీదికొచ్చినప్పుడు, తను చేసిన ప్రాజెక్టుల గురించి అందులో నాలుగు ముక్కలు పోస్ట్ చేసింది. అమెరికాలో తనుండే క్యారీ ఊళ్ళోనే ఉన్న డయానా అనే మేనేజర్ అది చూసి, పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చింది. గ్రీన్‌కార్డుకీ ఫైల్ చేయిస్తానంది. కాగితాలన్నీ సిద్ధం. డయానా ఓకే అంటే లాయర్‌కి వెళ్ళడమే తరువాయి.

అయితే డయానాకి వారమంటే ఏడు రోజులూ పనిరోజులే. ఆ శనివారం కూతురి డాన్స్ క్లాస్ బయట కార్‌లో కూర్చున్న రాగిణికి వరసబెట్టి మెసేజ్‌లు. ఈ స్లైడ్ మార్చు, ఆ నంబర్ చూడు. అన్నీ చేసి పంపి, ఉసూరుమంటూ యాప్ తెరిచి తెలుగులో కొట్టింది: "మా డయానా పని రాక్షసి! తను నిద్రపోదు, మమ్మల్ని పోనివ్వదు."

తెలుగులో రాస్తే తెలుగువాళ్ళే చదువుతారని ధీమా. క్లాస్ అయ్యేలోపు లైకులే లైకులు. పిచ్చిది, మురిసిపోయింది. ఉద్యోగమిచ్చిన నాటినుంచీ డయానా తనని ఫాలో అవుతోందనీ, ఏ భాషనైనా ఇంగ్లీషులోకి మార్చే బటన్ పోస్ట్ కిందే ఉంటుందనీ గుర్తుంటే కదా!

సోమవారం డయానా తన ఫోన్ తీసి రాగిణి ముందు పెట్టింది. 'మా డయానా ఒక రాక్షసి' అని ఇంగ్లీషులో ఉంది. ఆ 'పని' ఏ గంగలో కలిసిందో!

రాగిణి గబగబా సర్దిచెప్పబోయింది. "అయ్యో, అది తిట్టు కాదు. అలుపు లేకుండా పనిచేసేవాళ్ళని మా భాషలో అలాగే అంటాం. మెచ్చుకోలే" అంది. అబద్ధమేం చెప్పలేదు పాపం.

డయానా గొంతులో కోపం లేదు. "మెచ్చుకోలైతే నాకు అర్థమయ్యే భాషలో రాయొచ్చుగా?" అంది.

రాగిణి రాసినదాంట్లో మెచ్చుకోలు సగమే. మిగతా సగం ఏడుపు. అది డయానా కంట పడకూడదనే కదా తెలుగులో రాసింది! సిగ్గుతో తల దించుకుంది.

"సరే, వీకెండ్స్ ఇక నిన్ను డిస్టర్బ్ చేయను" అంటూ డయానా ఫోన్ తీసుకుంది.

అన్న మాట నిలబెట్టుకుంది కూడా. ఆ తర్వాత ఏ శనివారమూ మెసేజ్ రాలేదు. లాయర్‌కి వెళ్ళాల్సిన కాగితాలూ కదల్లేదు. అడిగితే, "వచ్చే ఏడాది చూద్దాం" అంది డయానా, నవ్వుతూనే.