నాలుక మీద చుక్క

ధర్మవరంలో మా ఆయన రామాంజినేయులు ముప్పై ఏళ్లుగా పట్టుకు రంగులేస్తున్నాడు. రంగు పట్టడానికి తొట్టిలో పోసే ఆసిడ్ చాలిందో లేదో నాలుకతో చూస్తాడు. గరిటెతో ఒక చుక్క తీసి, ఊది, నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తాడు. అలా చూడందే పట్టును తొట్టిలోకి దించడు.

మే నెలలో మా బోరు ఎండింది. ఊళ్లోకి వచ్చే ట్యాంకర్లు తాగడానికే చాలడం లేదు. రంగులేసేవాళ్లకు మురుగు శుద్ధి చేసే ప్లాంటు నీళ్లే ఇస్తామన్నారు. ఈయన ఒంటికాలి మీద లేచాడు.

"ఊరి మోరీ నీళ్లు నా నోట్లో పోసుకోవల్లనా?"

పది రోజులు రంగు పొయ్యి వెలగలేదు. మా దగ్గర రంగు వేయించుకునే ముగ్గురు నేతగాళ్లలో ఇద్దరు వేరేచోటికి పోయారు. మిగిలింది కుళ్ళాయమ్మ ఒక్కతే. ఆమె మగ్గం మీద వంగపండు రంగు పెళ్లి చీర సగం నేసి ఉంది, పేకకు, అంటే అడ్డపోగుకు, పట్టు చాలలేదు. అచ్చంగా అదే రంగు రావాలి. ఆమె కూడా పోతే మా పని మూతపడినట్టే. చివరికి ప్లాంటు ట్యాంకర్‌ను నేనే పిలిపించాను.

ఆయన మూతి ముడుచుకునే పనిలోకి దిగాడు గానీ నాలుకకు మాత్రం తాకించలేదు. అందాజాగా ఆసిడ్ పోశాడు. దించిన పట్టంతా పాలిపోయి, మచ్చలు పడి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఇక రంగు వేయడానికి మిగిలిన పట్టు కట్టలు నాలుగే చిలపలు.

మళ్లీ తొట్టి కాగింది. ఆయన గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. నేను దాన్ని లాక్కుని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను.

"పులుపు సరిపోయిండాది. దించు."

"నీ మొగం! నీకేం తెలుసే పులుపు?"

గరిటె గుంజుకున్నాడు. కళ్లు మూసుకుని తనూ వేసుకున్నాడు, ఉమ్మేశాడు. ఇంకో మూత ఆసిడ్ పోసి పట్టు దించాడు.

ఆరిన చిలపలు తీసుకుని సాయంత్రం ఇద్దరం కుళ్ళాయమ్మ ఇంటికి పోయాం. ఆమె ఒక చిలపను మగ్గం మీది చీరకు ఆనించి చాలాసేపు చూసింది.

"తేడానే కనపల్లేదు. ఏ నీళ్లప్పా ఇవి?"

బోరువని చెప్పమని ఆయన కాలు తొక్కాను.

"ప్లాంటువి. ఊరి మోరీ నీళ్లే, బాగు చేసినవి. మీ ఇంటి మోరీవి కూడా ఉంటాయి. నోట్లో వేసుకునే చూసినా."

కుళ్ళాయమ్మ ఆయన మొహంకేసి చూసింది.

"నీ నోట్లోకే పోయినాక నా చీరకేమప్పా," అంటూ ఆమె ఆ పట్టును కండెకు చుట్టడానికి కూర్చుంది.