మెట్ల మీద తిట్లు

అత్తయ్యకి జ్వరం తగ్గింది గానీ కాళ్లలో సత్తువ రాలేదు. మేముండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. పగలు పాలకో మందులకో కిందికి వెళ్లాల్సింది ఆవిడే. మెట్లెక్కి దిగగలిగితేనే పాపని ఆవిడ దగ్గర వదిలి నేను కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లగలను. సోమవారం రాకపోతే నా మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజరు తేల్చి చెప్పేశాడు.

వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక గుర్తు చెప్పింది. ఆయాసం రావాలట, మాట మాత్రం ఆగకూడదట. ఆగితే వెంటనే కూర్చోబెట్టాలట. అందుకే ఎక్కుతున్నంతసేపూ నన్ను తిట్టమన్నాను. ఆవిడకి అంతకంటే సులువైన పని లేదు.

"గిన్నె తోమితే జిడ్డు పోదు, నాకు మాత్రం కసరత్తులు నేర్పుతుందట! మీ అమ్మ నేర్పిందా ఇవన్నీ?"

"ఇంకా?" అన్నాను పాపని చంకనేసుకుని.

"ముందు పిల్లదాని ముక్కు తుడవ్వే!"

మూడో అంతస్తు దాటాక ఆవిడ మాట్లాడలేదు. మళ్లీ అలిగిందనుకున్నాను.

"అలగండి, కాళ్లు మాత్రం ఆపకండి" అంటూ చెయ్యి పట్టి లాగాను. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. పెదాలు పాలిపోయాయి.

"అయ్యో, కూర్చోండి అత్తయ్యా!"

"కూర్చుంటే... నీ పని... పోతుందే" అంటూనే మెట్టు మీద కూలబడింది.

పక్కనే కూర్చుని ఆవిడ తల నా భుజానికి ఆనించుకున్నాను.

"తిట్టండి అత్తయ్యా, మీకు దండం పెడతాను, ఒక్క తిట్టు తిట్టండి."

ఎంతసేపటికో ఆవిడ పెదాలు కదిలాయి.

"ముక్కు... ఇంకా తుడవలేదే, మొద్దూ."

ఏడుస్తూనే తుడిచాను. సోమవారం మాట ఇద్దరం ఎత్తలేదు.