బ్రేకులకు కందెన

నర్సింగమ్మ పికప్పు బండి వస్తోందంటే ఊళ్ళోకి మొదట పొగ వచ్చేది. తర్వాత ముసలి దగ్గు లాంటి చప్పుడు. జనం ముక్కులు మూసుకుని అరుగులెక్కాక, తీరిగ్గా బండి వచ్చేది.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన డిస్పోజల్ బండి అది. నర్సింగమ్మ మొగుడు ఎల్లస్వామి కొన్నాడు. పదేళ్ళు నడిపాడు. భార్యకూ నడపడం నేర్పాడు. 1958 ఎండాకాలంలో వడదెబ్బ తగిలి పోయాడు. నెల తిరిగేసరికి స్టీరింగు ముందు నర్సింగమ్మ కూర్చుంది. అంగళ్ళకు కుండలు, మేకలు, ఉల్లిగడ్డలు, అప్పుడప్పుడూ పెళ్ళివారు. ఏ రంగులో ఎక్కినా అందరూ పొగరంగులోనే దిగేవారు.

ఎల్లస్వామి అన్న దశరథానికి ఇది నచ్చలేదు. తమ్ముడి బండి ఇంటి మగవాడికే రావాలని పెద్దమనుషుల ముందు కూర్చున్నాడు. పెద్దమనుషులకు ఇంజను సంగతి తెలియదు గానీ పొగ సంగతి బాగా తెలుసు. మూడు వారాల్లో చౌటుప్పల్ క్యాంపుకు బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయన చూసి ఫిట్‌నెస్ కాగితం ఇస్తే బండి నర్సింగమ్మది. ఇవ్వకపోతే అదే రోజు తాళంచెవి దశరథం చేతిలో పెట్టాలి. అదీ తీర్పు.

"తాళంచెవికి దారం కట్టి పెట్టు నర్సింగమ్మా, మెడల ఏసుకుంట," అన్నాడు దశరథం.

"నీ మెడకు దారం ఆగదు బావా. బర్రెకు కట్టే పలుపు తెస్త," అంది నర్సింగమ్మ. అని, బండిని నేరుగా ఏసోబు దగ్గరికి తోలింది.

ఏసోబు తండ్రి దొర గడిలో వెట్టి చేశాడు. ఏసోబు మాత్రం యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో చేరి, నాలుగేళ్ళు సార్జెంట్ల చేత తిట్లు తిని, తిట్లతో పాటు పని నేర్చుకుని వచ్చాడు. రోడ్డు పక్క తాటికమ్మల పందిరే అతని వర్క్‌షాపు. యాభై ఏళ్ళ మనిషి. బానెట్ ఎత్తి, ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"రింగులు అరిగినయి నర్సమ్మా. పిస్టన్ ఆడే బోరు గుండ్రం పోయి కోడిగుడ్డయింది."

"అంటె?"

"పైకెల్లి ఆయిలు తాగుతాంది, కిందికెల్లి గాలి ఇడుస్తాంది. మనిషయితె దవాఖానకు తోలుదుము."

"బతుకుతదా?"

"పాతదాని కన్న గట్టిగ బతికిస్త. జర ఓపిక పట్టు."

ఇంజను విప్పి, దిమ్మను బస్సు టాపు మీద హైదరాబాదు పంపి బోరు తొలిపించాడు. బోరు పెద్దదైతే పిస్టన్లు కూడా పెద్దవి కావాలి. జుమ్మేరాత్ బజారులో తుక్కు కుప్పలన్నీ తవ్వి ఓ పెద్ద లారీ పిస్టన్లు పట్టుకొచ్చాడు. కొత్త రింగుకు రెండు కొసల మధ్య ఎంత సందు ఉండాలో కొలవడానికి అతని దగ్గర పరికరం లేదు. మూడు గడ్డం బ్లేళ్ళు కలిపి ఆ సందులో దూర్చేవాడు. మూడు దూరితే సరి. మూడోది మొరాయిస్తే ఆకురాయి తీసి అణువంత అరగదీసేవాడు. అద్దం మీద గరుకు కాగితం పరిచి, ఇంజను పైమూత హెడ్డును దాని మీద రెండు రోజులు గుండ్రంగా రుద్దాడు. పిస్టన్ పైన ఖాళీ తగ్గితే గాలి మరింత గట్టిగా నొక్కుకుంటుందని అతని లెక్క.

ఆ లెక్క తప్పలేదు. ఇంతకుముందు నర్సింగమ్మ తమలపాకు నములుతూ ఒంటిచేత్తో తిప్పే స్టార్టింగు హ్యాండిలు, ఈసారి ఎదురు తిరిగి ఆమెనే ఎత్తి కుదేసింది.

"మేస్త్రీ, ఇది తన్నుతాంది," అంది కింద కూర్చునే.

"గదే కంప్రెషన్. ఇప్పుడు దీని గాలి ఎటూ పోదు," అన్నాడు ఏసోబు. ఆ మూడు వారాల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

పరీక్ష సోమవారం నాడు. పొద్దున్నే ఏసోబు నాలుగు చక్రాలూ విప్పి, చక్రాల డ్రమ్ములను పట్టి ఆపే బ్రేకు షూలకు కొట్టిన కొత్త లైనర్లు సరిచూసి, ఇన్‌స్పెక్టరు ముందు నిలబడాలి కదా అని స్నానం చేసి చొక్కా మార్చుకోవడానికి ఇంటికి వెళ్ళాడు. వెళ్తూ, "చక్రాలు నువ్వెక్కిచ్చుకో," అన్నాడు.

నర్సింగమ్మకు ఒకటే బాధ. నిన్న ఊరి చివరి దాకా నడిపి చూసినప్పుడు బ్రేకు వేస్తే కీచుమని కూత వచ్చింది. ఎడ్లబండి కూతపెట్టుకుంటూ వీధిలో పోతే, ఇరుసుకు ఆముదం రాసుకోలేని వాడివని ఊరంతా నవ్వుతుంది. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి ఆమె. రాసుకునే పాళ్ళు అందరికీ తెలిసినవే: ఆముదం, అందులో కాల్చిన గడ్డి బూడిద. పక్కింటి బండి కింద వేలాడే కందెన గొట్టం తెచ్చింది. నాలుగు చక్రాల షూలకూ, డ్రమ్ములకూ వేళ్ళతో ముద్దగా పట్టించింది. చక్రాలు బిగించింది. చేతులు కడుక్కుంది. ఏసోబు కొత్త చొక్కాతో వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది.

క్యాంపు బంగళా చిన్న గుట్ట మీద ఉంది. దారంతా ఎక్కుడే కాబట్టి, పైకి వెళ్ళి యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే బండి దానంతట అదే ఆగింది. చప్పుడు లేదు. నర్సింగమ్మ తృప్తిగా దిగింది.

ఇన్‌స్పెక్టరు అమరేందర్ తెల్ల రుమాలు తీసి పొగగొట్టం ముందు పట్టాడు. ఇంజను రెండు నిమిషాలు తిరిగింది. రుమాలు తెల్లగానే ఉంది. వెనక నిలబడ్డ దశరథం ముఖమే కొంచెం నల్లబడింది.

"ఇంజను బాగుంది. బ్రేకు చూద్దాం. ఎవరు నడుపుతారు?"

"నేనే సారూ," అంది నర్సింగమ్మ.

"ఆడవాళ్ళ చేతిలో నా ప్రాణం పెట్టను. జరుగు."

ఆయన స్టీరింగు పట్టాడు. నర్సింగమ్మ పక్కన, ఏసోబూ దశరథమూ వెనక. వాలు సగంలో రోడ్డుకు అడ్డంగా సున్నపు గీత. అక్కడ ఆగాలి. వాలు చివర కల్లు కంపౌండు. అంగడి రోజు కావడంతో అప్పటికే నిండుగా ఉంది.

బండి వేగం అందుకుంది. గీత దగ్గరపడింది. అమరేందర్ బ్రేకు తొక్కాడు. కాలు లోపలికి వెళ్ళింది. బండి పట్టించుకోలేదు. మళ్ళీ తొక్కాడు. సున్నపు గీత కిందుగా వెళ్ళిపోయింది. చేతి బ్రేకు లాగితే అది కూడా ఆ డ్రమ్ములకే చెప్పుకుంది. క్యాబిన్ నిండా వేడెక్కిన ఆముదం వాసన.

"బ్రేకేదమ్మా?"

"మీ కాలు కిందనే ఉన్నది సారూ."

కల్లు కంపౌండు గోడ కనిపించింది. అమరేందర్ తలుపు తెరిచి జిల్లేడు పొదలోకి దూకాడు. సర్కారు మనిషే దూకాక తానెందుకు ఆగాలనుకున్నాడో ఏమో, దశరథం బురద కాలువలోకి దూకాడు.

నర్సింగమ్మ పక్కకు జరిగి స్టీరింగు అందుకుంది. క్లచ్చి నొక్కి గేరు తీసింది. ఒకసారి ఇంజను రేపి, కరకరమనిపించి రెండో గేరులోకి కొట్టింది. ఇంజను పెద్దగా బొబ్బపెట్టింది. బండి ముందుకు తూలి, వెనక్కి పట్టినట్టు బిగుసుకుంది. పాత రింగులైతే గాలి సందుల్లోంచి జారిపోయి, బండి కంపౌండులోకి వెళ్ళి సీసా అడిగేది. ఇప్పుడు పిస్టన్లు గాలిని వదలడం లేదు. చక్రాలు వాటిని తిప్పలేక నీరసపడుతున్నాయి. ఆమె మొదటి గేరులోకి దించింది. బండి నడక వేగానికి వచ్చింది. రోడ్డు పక్క కంకర కుప్ప మీదికి ముందు చక్రాలెక్కించి ఆపేసింది.

గేటు దగ్గర కూర్చున్నవాడు లేవకుండానే అన్నాడు, "కల్లయిపోయింది. ఎనుకకు పో."

ఏసోబు దిగి చక్రం దగ్గర వంగి వాసన చూశాడు.

"నర్సమ్మా, బ్రేకుకేం పూసినవ్?"

"కందెన. కీసు కీసు మంటాంది కద."

ఏసోబు లేచి నిలబడ్డాడు. "ఇరుసు తిరగాలని పూస్తరు కందెన. బ్రేకు ఉన్నది ఆపుటానికి."

"ముందుగాల చెప్పొద్దా మేస్త్రీ?"

"బ్రేకుకు ఆముదం రాయొద్దని చెప్పాలని మిలిటరీల నాకెవ్వడు నేర్పలే."

అమరేందర్ కుంటుకుంటూ వచ్చాడు. టోపీలో జిల్లేడాకు. జేబులోంచి కాగితం తీసి, పెన్ను మూత విప్పాడు. ఆయన వెనకే బురదతో దశరథం, చెయ్యి చాచుకుని. "తాళంచెవి, నర్సింగమ్మా."

నర్సింగమ్మ ఆ చేతిని చూడలేదు.

"సారూ, తప్పు నాది. ఇంజనుది కాదు, మేస్త్రీది కాదు. గంట టైమియ్యుండ్రి, కడుక్కొస్తం. ఈసారి నేను నడుపుత. మీరు పక్కకు కూసోండ్రి."

"ఎందుకు? ఇప్పుడే చూశానుగా. బండి ఆగదు."

"ఆగింది సారూ. మీరు దాంట్ల లేరు గంతే."

కల్లు కంపౌండు గోడ మీద వరసగా తలలు లేచాయి. ఎవడో కిసుక్కుమన్నాడు. అమరేందర్ కాగితం వైపు చూశాడు. బండి ఆగలేదని రాస్తే, ఆగిందని చెప్పడానికి ఇంతమంది సాక్షులు. ఎలా ఆగిందో రాస్తే, ఆ సమయానికి తానెక్కడ ఉన్నాడో కూడా రాయాలి. పెన్ను మూత పెట్టాడు.

"నాలుగింటికి క్యాంపు ఎత్తేస్తాను. అంతలోపు తీసుకురా."

గంటలో నాలుగు చక్రాలు. ఏసోబు విప్పేవాడు, ఆమె డ్రమ్ములు పెట్రోలుతో కడిగేది. షూల మీద పెట్రోలు పోసి ఏసోబు అగ్గిపుల్ల గీశాడు. ఆముదం భగ్గున మండిపోయింది. చల్లారాక గరుకు రాయితో రుద్దాడు. దశరథం కాలువ గట్టున కూర్చుని, ఆమె చేతులకేసి చూస్తూ ఉన్నాడు.

నాలుగుకు పది నిమిషాల ముందు బండి మళ్ళీ వాలు దిగింది. నర్సింగమ్మ నడిపింది. అమరేందర్ ఎడమచేత్తో తలుపు పట్టుకున్నాడు, కుడిచేత్తో సీటు పట్టుకున్నాడు. గీత దగ్గర ఆమె తొక్కింది. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టేశాయి. అమరేందర్ టోపీ వెళ్ళి అద్దానికి తగిలింది. గీతకు మూరెడు ఇవతల బండి ఆగింది.

ఆయన దిగి చక్రాలు చూశాడు, గీత చూశాడు, నర్సింగమ్మను చూశాడు. బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు.

కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. ఈలోగా అంగడి నుంచి తిరిగి వెళ్ళేవాళ్ళు చుట్టూ చేరారు. ఒక ముసలామె రెండు మేకలను ఎక్కించింది. ఇంకెవరో నాలుగు ఎక్కించారు.

దశరథం బురద దులుపుకుంటూ దగ్గరికి వచ్చాడు. ఊరికి బస్సు వెళ్ళిపోయి చాలాసేపయింది.

"ఊరికేనా?"

"ఊరికే బావా. ఎక్కు."

అతను ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

"గది మేస్త్రీ జాగా," అంది నర్సింగమ్మ. "ఎనుక, మేకల నడుమ ఉన్నది సూడు."

ఏసోబు దశరథం వైపు ఒకసారి చూశాడు. కొత్త చొక్కా అప్పటికే మసిబారింది. దాన్ని సర్దుకుని, ముందు సీటులో ఎక్కి కూర్చుని, తలుపు వేసుకున్నాడు.