లిపోవ్నా కోట నేలమాళిగ

కెనడాలోని హామిల్టన్‌లో హిస్టరీ డాక్టరేట్ చేస్తున్న ధరణిని ఒక పని వెతుక్కుంటూ వచ్చింది. చెక్ దేశంలో లిపోవ్నా అని నాలుగున్నర శతాబ్దాల నాటి కోట ఉంది. ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీలు మూడంతస్తుల కమానులతో కట్టారు. దాని వారసుడు స్టెఫాన్ ఇప్పుడు దాన్ని హోటల్ చేస్తున్నాడు. గదుల్లో పెట్టడానికి ఒక చిన్న చరిత్ర పుస్తకం కావాలి. ఆ కోటలో పుట్టినవాళ్ళలో మిగిలింది అతని నాయనమ్మ లుడ్మిలా ఒక్కతే. ఆవిడ ఉండేది హామిల్టన్‌లోనే, ఉక్కు ఫ్యాక్టరీల పొగ కనిపించే ఒక అపార్ట్‌మెంట్‌లో.

ధరణి వారం వారం వెళ్ళి, ముసలావిడ చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకునేది. మొదట్లో అంతా, కోట కట్టిన తొలిరోజుల్లో స్పెయిన్ నుంచి ఆ ఇంటికి వచ్చిన కోడలు ఇసబెల్ కథే. పెద్దింటి పిల్ల, పదిహేడేళ్ళకే భాష తెలియని దేశానికి కాపురానికి వచ్చింది. ఆ వియ్యంతోనే ఈ ఇంటికి రాజుగారి కొలువులో చోటు దక్కింది. ఇసబెల్‌కు దక్కింది మాత్రం చలి, వరసగా బిడ్డల చావులు.

"అందరూ ఆ కోడలి గురించే అడుగుతారు. నేలమాళిగ గురించి ఎవరూ అడగరు," అంది ఒకరోజు లుడ్మిలా.

ధరణి అడిగింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజులు. లుడ్మిలా అప్పటికి చిన్నపిల్ల. జర్మన్ సైనికులు ఖైదీలను నడిపించుకుంటూ వచ్చి కోటలో చోటడిగారు. ఆవిడ తండ్రి సారాయి పీపాలుండే నేలమాళిగ తెరిచి ఇచ్చాడు. మర్నాడు సైనికులు ఖైదీలను అక్కడే వదిలి పారిపోయారు. తాళంచెవి తండ్రి దగ్గరే ఉండిపోయింది. లోపలివాళ్ళకు విషజ్వరాలున్నాయని, బయటికి వదిలితే ఊరంతా అంటుకుంటుందని ఆయన తలుపు తీయలేదు.

"భోజనాల గదిలోకి కిందినుంచి చప్పుడు వచ్చేది. అమ్మ నన్ను పియానో వాయించమనేది," అంది లుడ్మిలా. "చప్పుడు ఆగిపోయాక గుమ్మానికి అడ్డంగా గోడ కట్టించారు."

ఇంత విషయం దాచి పుస్తకం రాయలేనని ధరణి స్టెఫాన్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను తొణకలేదు.

"పనివాళ్ళు ఆ గోడ పడగొట్టినప్పుడే తెలిసింది. ఎముకలు తీయించేశాను. మీరు ఇసబెల్ గురించి రాయండి, చాలు."

పక్క ఊరు మిల్టన్‌లో తన ఇంటికొచ్చి ధరణి భర్త కిరీటికి అంతా చెప్పింది. ఈ దేశంలో స్థిరపడడానికి పెట్టిన మన పీఆర్ ఫైల్ ఇంకా నడుస్తోందనీ, డబ్బున్నవాళ్ళతో కోర్టుల చుట్టూ తిరగలేమనీ అతను అన్నాడు. భయంతో అంటున్నాడని ఆమెకు తెలుసు.

"ఆ పియానో మాట విన్నప్పట్నుంచి నాకు ముద్ద దిగట్లేదు, కిరీటీ," అంది.

అతను ఇంక వద్దనలేదు.

తరవాతి వారం, ఈ రికార్డింగ్ మీ ఊరి మ్యూజియానికి పంపమంటారా అని లుడ్మిలాను అడిగింది. "అందుకే కదా నీకు చెప్పింది," అందావిడ. ధరణి ఆ పూటే పంపింది.

ఆ సంగతి స్టెఫాన్ చెవిన పడింది. నాయనమ్మను వృద్ధాశ్రమంలో చేర్చి, మతి చలించిందని చెప్పి, చూడ్డానికి ఎవరినీ రానివ్వొద్దన్నాడు. ధరణి రెండుసార్లు వెళ్ళి గుమ్మంలోంచే తిరిగొచ్చింది. చలికాలం ముగియకముందే ఆవిడ పోయింది. ఆవిడ పాత అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్ళు చెబితే గానీ ధరణికి తెలియలేదు.

వేసవిలో మ్యూజియం నుంచి జవాబొచ్చింది. పోలీసులు తవ్వి చూశారట. కొత్త సిమెంటు నేల తప్ప ఏమీ కనిపించలేదు. ఒక్క గొంతు మీద కేసు నిలవదు, ఇంకెవరైనా సాక్షులున్నారా అని అడిగారు.

అప్పటికే హోటల్ తెరిచారు. నేలమాళిగలో కొవ్వొత్తుల వెలుగులో జనం భోంచేస్తున్న ఫోటోలు వెబ్‌సైట్‌లో కనిపించాయి. వాటి కింద ఇసబెల్ కథ, ధరణి మొదట్లో రాసి పంపిన వాక్యాలే, ఆమె పేరు లేకుండా.

చూసినవాళ్ళు ఇక ఎవరూ లేరనీ, విన్నది తాననీ, పిలిస్తే వచ్చి చెబుతాననీ ధరణి మ్యూజియానికి రాసింది. పిలుపు ఇంకా రాలేదు.