పొడినేల

నా నోటికి జడిసి యూనివర్సిటీ లైబ్రరీలో కుర్రకారు పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైనా వంగి దండం పెట్టి మరీ ఇచ్చిపోయేవారు. అలాంటిదాన్ని ఇంటి నేల చేతిలో ఓడిపోయాను.

తార్నాకలో యూనివర్సిటీ గోడ పక్క సందులో నాది పాత ఇటుక ఇల్లు, అద్దెది. రెండు గదులు, కింద షాబాదు బండలు. వానాకాలం వచ్చిందంటే ఆ బండలకు చెమటలు పట్టేవి. సందుల్లోంచి నీరు ఊరేది. చాప కింద బూజు, ట్రంకు పెట్టెలో చీరలకు బూజు, గోడలకు మోకాలెత్తు దాకా తెల్లటి ఉప్పు. ఇంటాయన అంబర్‌పేటలో ఉండేవాడు. ఎప్పుడు వెళ్లి అడిగినా "పాత ఇల్లు గట్లనే ఉంటదమ్మా" అని సాగనంపేవాడు, వాడి మొహం మండా.

పక్కింటి కాశమ్మ నాకంటే చాలా చిన్నది. ఆమె మొగుడు మొగిలికి మెట్టుగూడలో రైల్వే పని, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. నేను రాజమండ్రి నుంచి ఈ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో కాశమ్మ నన్ను "నువ్వు" అంటే ఒళ్లు మండిపోయింది. వాళ్ల మాటతీరే అంతని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ ఏడు మొదటి వానకే మా గడపలో కూర్చుని బండ మీద చెయ్యి పెట్టి చూసి, "గీ తడిల ఎట్ల పంటవక్కా, మా ఇంట్ల పండుదువు రా" అంది.

ఇక ప్రతి వానాకాలం అంతే. లైబ్రరీ నుంచి రాగానే బొంత చంకన పెట్టుకుని వాళ్లింటికి. వాళ్లది ఎత్తుగా కట్టిన ఇల్లు, తడి ఎక్కదు. కాశమ్మ జొన్నరొట్టెలు కొడుతుంటే నేను పొయ్యి దగ్గర చేరి ఇంటాయన్నీ, నేలనీ, వాననీ కలిపి తిట్టేదాన్ని. మొగిలి నవ్వుకుంటూ తిని డ్యూటీకి వెళ్లేవాడు. పడుకున్నాక కాశమ్మ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది, నేను ఊఁ కొడుతూ నిద్రపోయేదాన్ని. పదహారో ఏటే మొగుణ్ని పోగొట్టుకున్నదాన్ని. పక్కన ఇంకో మనిషి ఉందన్న ధీమాతో నిద్రపోవడం నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. ఎండాకాలంలో కాస్త మబ్బు పడితే నాకు ప్రాణం లేచొచ్చేదంటే నమ్మండి. పైకి మాత్రం, "ఈ దరిద్రపు నేల ఒక్కటి బాగుపడితే చాలు తల్లీ, నీకీ బాధ తప్పుతుంది" అనేదాన్ని. ఊరికే అనే మాటది. వాళ్లు నిజమనుకున్నారు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఎండలు ముదిరినప్పుడు కాశమ్మ తన తమ్ముడు సామేలును వెంటబెట్టుకుని వచ్చింది. అతనిది గోల్నాక, తాపీ పని చేస్తాడు.

"అక్కా, సామానంత బయట పెట్టు. వానలు పడకముందే తమ్ముడు నేల సూస్తడు."

"ఇప్పుడంత తొందరేమొచ్చింది?" అన్నాను.

"ఉన్నది తియ్," అంది కాశమ్మ, నా మొహం చూడకుండా.

సామేలు బండలన్నీ లేపాడు. కింద మట్టి నల్లగా, ముద్దగా ఉంది. "ఇంటెనక మన్ను నేలకన్న ఎత్తున్నదమ్మా. కప్పు మీది నీళ్లన్ని గాడ నిలిచి లోపలికి దిగుతున్నయి," అన్నాడు. వెనక మట్టి తవ్వేసి నీళ్లు పోవడానికి మోరీ తీశాడు. లోపలి తడిమట్టి ఎత్తిపోసి, రాళ్లూ ఇటుక ముక్కలూ ఇసుకా పరిచి, దిమ్మిస కొట్టి, బండలు మళ్లీ సున్నంతో కూర్చాడు. కాశమ్మ కొంగు నడుముకు చుట్టి తట్టలు మోసింది. నేను చాయ్ కాచిస్తూ ప్రతిదానికీ వంక పెట్టాను. ఒక బండ వాలుగా ఉందన్నాను. పాపం, దాన్ని లేపి మళ్లీ పరిచాడు.

జూన్‌లో వాన పడింది. తడుస్తూ ఇంటికొచ్చి, చెప్పులు వదిలి, లోపల అడుగుపెట్టాను. పొడి. మూలలన్నీ అరచేత్తో తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు. అంత మంచి పని చేసినందుకు సామేలు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కాశమ్మ పిలుస్తుందేమోనని తలుపు తెరిచే ఉంచాను. పిలవలేదు. ఎందుకు పిలుస్తుంది?

వాన విడవలేదు. వాళ్లింట్లో రొట్టెలు కొట్టే చప్పుడు రోజూ వినిపించేది. నాకు అన్నం సయించేది కాదు, గది మధ్యలో కూర్చుని ఆ చప్పుడు ఆగేదాకా వినేదాన్ని. ఒకరోజు పొద్దుగూకే వేళ ఇక ఉండబట్టలేక వెళ్లాను. బొంత మాత్రం తీసుకెళ్లలేదు, ఆ మాత్రం సిగ్గుంది నాకు.

నన్ను చూడగానే కాశమ్మ చేతిలో పని ఆపేసింది. "ఏందక్కా, మల్ల ఊటొచ్చిందా? సామేలుకు కబురు చేస్త. అన్ని లేపి మల్ల ఏపిస్త."

ఊఁ అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె తట్టలు మోసిన నేలను అన్యాయంగా తిట్టబుద్ధి కాలేదు.

"నేల బాగానే ఉంది. నాకే బాగాలేదు," అన్నాను. "ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను కాశమ్మా. ఎవరడిగారు నిన్ను నేల బాగుచేయించమని?"

కాశమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మా ఆయనకు కాజీపేటకు బదిలైందక్కా. ఎండకాలంలనే తెలిసింది. వచ్చే నెల పోతున్నం. నీకు చెప్పనీకి నోరు రాలే. మేం పోయినంక నువ్వు గా తడిల ఒక్కదానివి ఎట్ల పంటవని, ఉన్నప్పుడే చేపిచ్చిన."

పెనం మీద రొట్టె మాడుతుంటే నేనే తీసి పక్కన పెట్టాను.

"ఇయ్యాల గిక్కడనే పండక్కా," అంది.

"నా నేల పొడిగానే ఉందిగా," అన్నాను. ఆ మాట అనేసరికి ఏడుపు ఆగలేదు.

"ఉండనియ్," అంది కాశమ్మ, నా ముందు కంచం పెట్టి రొట్టె వేస్తూ.