పన్నెండో ప్రశ్నకు జవాబు

చచ్చినవాళ్ళను తిట్టకూడదంటారు. బతికుండగా తిట్టనివ్వరు. మరి ఎప్పుడు తిట్టాలో సుపాణీకి ఎవరూ చెప్పలేదు.

ఆచార్య విరోజ్ పోయిన మూడోనాడు ఆయన కొడుకు థనేత్ వచ్చి ఆమె బల్ల మీద కాగితాల కట్ట ఒకటి పెట్టాడు. శవాన్ని పేటికలో ఉంచి వందోనాడు చేసే దహనానికి వచ్చేవాళ్ళకు పంచే పుస్తకానికి ముందుమాట కావాలట. ఖోన్‌కేన్‌లో పేరున్న ఇంట్లో ఎవరు పోయినా పుస్తకం వేస్తారు. ముందు పేజీల్లో పోయినవారి జీవితం, వెనక పేజీల్లో జనానికి పనికొచ్చేది ఏదో ఒకటి, వంటకాలో మందులో. నాన్నగారి గొప్ప పరిశోధన వేస్తున్నామనీ, ఆయన శిష్యుల్లో రచయిత్రి అయింది మీరొక్కరేననీ మురిసిపోతూ చెప్పాడు. సుపాణీ పై కాగితం చూసింది. దేశపు ఈశాన్య ప్రాంతంలోని వరి రైతుల మీద అధ్యయనం. ఒళ్ళు మండిపోయింది.

అది ఆమె చేసిన పని. అర్థశాస్త్రం లెక్చరరుగా చేరిన కొత్తల్లో మోటారు సైకిలు మీద నలభై మూడు ఊళ్ళు తిరిగి, పొలం గట్ల మీద కూర్చుని, రైతులు అన్నది అన్నట్టు రాసుకొచ్చింది. అచ్చయ్యాక అట్ట మీద విభాగాధిపతి విరోజ్ పేరొక్కటే ఉంది. అడిగితే, చెట్టు పేరు చెప్పి అమ్ముకోవాలిగానీ కాయకి పేరుంటుందా అని నవ్వాడు. ఏటా గురుపూజ నాడు మోకాళ్ళ మీద పాకి పూలపళ్ళెం అందించే చోట గురువుని దొంగ అనడానికి నోరెక్కడిది? మింగి ఊరుకుంది.

మింగుడుపడనిది ఒకటుంది. పంట బాగా పండితే మీకు మేలేనా అన్నది పన్నెండో ప్రశ్న. ఒక రైతు మనిషి ఇలా చెప్పింది: ‘పండిన ఏడు మిల్లువాడు నవ్వుతాడు. పండని ఏడు వడ్డీవాడు నవ్వుతాడు. మేం నవ్వే ఏడు ఏదో మీ లెక్కల్లో వెతికి చెప్పు.’ ఆ మాట దేశమంతా పాకింది, విరోజ్ గారి మాటగా. సభలో ఆయన అది అంటే చప్పట్లే చప్పట్లు. అన్న మనిషి సుపాణీ తల్లి బువాలై.

చాలా ఏళ్ళకు ఒకరోజు ఆ మాట రేడియోలో వినపడి, ముసలమ్మ చేతిలోని జిగురన్నం ముద్ద నోటిదాకా వెళ్ళక ఆగిపోయింది.

“అది నేనన్నదే గదే. నా పేరు చెప్పాడా ఆయన?”

“చెప్పాడమ్మా. నీకే వినపళ్ళేదు.”

మర్నాడే సుపాణీ కథలు రాసుకుంటానని రాజీనామా ఇచ్చేసింది. లెక్కలు రానివాళ్ళే కథలు రాస్తారని తోటి లెక్చరర్లు ఎకసెక్కాలాడారు. లెక్కలొచ్చిన మీరు రాసేవీ కథలేగా అని వచ్చేసింది. మరుసటి ఏడే తల్లి పోయింది. అప్పటికి ఒక్క కథకూ పైసా రాలేదు. దహనానికి వచ్చినవాళ్ళకు పుస్తకానికి బదులు ముక్కుతో పీల్చే కర్పూరపు బుడ్డీలు పంచింది. తర్వాత ఏడు నవలలు రాసింది, పేరూ వచ్చింది. తల్లి మాట మాత్రం ఒక్కదాంట్లోనూ పెట్టలేకపోయింది. పెడితే విరోజ్ దగ్గర కొట్టేసిందంటారు.

ఇప్పుడు ఊరుకుంటే అంతే సంగతులు. చితి దగ్గర పంచిన పుస్తకం గుళ్ళలో, లైబ్రరీల్లో చేరి అలాగే నిలిచిపోతుంది, దానికిక దిద్దుబాటు లేదు. సుపాణీ కూర్చుని ముందుమాట రాసింది. మర్యాదకు ఎక్కడా లోటు చెయ్యలేదు. ‘గురువుగారు ఆ నలభై మూడు ఊళ్ళలో ఒక్కదానిలోనూ కాలు పెట్టలేదు. ఆ భాగ్యం నాకే వదిలారు. పన్నెండో ప్రశ్నకు జవాబు చెప్పిన రైతు బువాలై, మా అమ్మ. ఆ పేరూ నా పేరూ వేయడం గురువుగారు మరిచారు. శిష్యురాలిగా ఆ లోటు తీరుస్తున్నాను.’ అంత పెద్ద రచయిత్రి రాసింది మనం దిద్దేదేమిటని థనేత్ చదవకుండానే ప్రెస్సుకు పంపాడు.

దహనం రోజు భిక్షువులు రావడం ఆలస్యమైంది. ఎండ మాడ్చేస్తోంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళకు విసురుకోవడానికీ, తోచక తిరగెయ్యడానికీ ఆ పుస్తకమే దిక్కు. కాసేపటికి విసురుకునే చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. థనేత్ మొహం జేవురించి వచ్చాడు.

“శవం ఇంకా ఇక్కడుండగానే పరువు తీస్తారా, మేడమ్?”

“అందులో ఒక్క అబద్ధం చూపించు బాబూ. ఇక్కడే నీ కాళ్ళు పట్టుకుంటా.”

“నువ్వు కూర్చోరా,” అంది వెనక నుంచి విరోజ్ భార్య. “అప్పట్లో ఆ అధ్యయనం అట్ట పేజీ టైపు కొట్టింది నేనే. రెండుసార్లు కొట్టా. మొదటిదాని మీద సుపాణీ పేరే ఉంది.”

చల్లారాల్సిన సుపాణీ కోపం రెండింతలైంది. ఈవిడకు మొదటినుంచీ తెలుసు. అమ్మ రేడియో ముందు కూర్చున్ననాడూ తెలుసు.

“మరి రెండోది కొట్టడానికి చేతులెట్లా వచ్చాయి, అమ్మగారూ?”

సుపాణీ చందనపు పేళ్ళతో చేసిన పువ్వు తీసుకుని మెట్లెక్కింది. అందరూ మోకరిల్లే చోట నిటారుగా నిలబడి శవపేటిక ముందు పెట్టింది. దిగి వస్తుంటే విరోజ్ భార్య ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇకనైనా కోపం తీరిందా అమ్మా?”

“తీరలేదు. మా అమ్మ పోయిననాడు పుస్తకం వేయించలేకపోయా. ఈ వెయ్యి పుస్తకాలూ ఆవిడవే.”